గోలెంలో కొర్రమీను

మే 18, ఆదివారం

చాలా ఏళ్ల తరవాత డైరీ తెరిచాను. ఎందుకో మొదటే రాసుకోవాలి. ఈ ఇంట్లో నేను చెప్పిందే జరుగుతుంది. కొడుకు రఘు, కోడలు పద్మ, కాన్పుకని వచ్చిన మనవరాలు సింధు — ఎవరూ ఎదురు చెప్పరు. అలాంటప్పుడు చెప్పే ముందు నాకు తెలిసి ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియడం లేదు. తెలియనిది నోటితో అనకూడదు, కాగితం మీద పెట్టుకోవచ్చు.

సంగతి చేపలది.

సింధుకు ఆరో నెల. పోయినేడాది ఒకటి నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ చీటీలో మందుల కింద "చేపలు" అని రాసింది. ఏ చేపలో, ఏ నీళ్లవో రాయలేదు.

పొద్దున మల్లమ్మ వచ్చింది, గంపలో కొర్రమీను. ఏటా ఇంతే — మృగశిర కార్తె, మా మిరుగం రోజు చేపల కోసం జనం తొక్కుకుంటారని ముందుగానే బతికున్న చేపను తెచ్చి మా పెరట్లో సిమెంటు గోలెం తొట్టిలో వదులుతుంది. బోరు నీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ ఉంటే మట్టి వాసన పోతుంది. మృగశిర నాడు చింతచిగురు వేసి పులుసు. అది తింటే వానాకాలమంతా దగ్గు, దమ్ము రావని మా అత్తగారి మాట. చేపలు తిననివాళ్లు ఆ రోజు బదులుగా ఇంగువ, బెల్లం మింగుతారు. ఈ ఇంట్లో మిరుగం ఒక్క ఏడూ తప్పలేదు.

"చూసుకో టీచరమ్మా, మోచెయ్యి పొడుగున్నది. చెరువంత ఎండి బురదైనా గిది చావది. తిన్నోళ్లకు గంత బలం. నీ మనుమరాలికి పెట్టు, కొడుకు పుడ్తడు."

"ఆడబిడ్డ పుడితే వద్దంటవా?"

"ఎందుకు వద్దంట? బిడ్డ పుడ్తే ఇంకో చేప తెస్త. గోలెం మీద మూత వెట్టు, రాయి వెట్టు. మిరుగం వాన వడ్డదంటే దుంకిపోతది, దొంగముండ."

గోలెంలోకి వదిలాక నీళ్ల మీద సన్నటి రంగుల పొర విచ్చుకుంది. ఊదా, ఆకుపచ్చ... చూడటానికి అందంగానే ఉంది. వంగి వాసన చూశాను. మట్టిది కాదు. కిరోసిన్ పొయ్యి వెలిగించేటప్పుడు వచ్చేదే, ఆ పాత వాసన.

ఎవరికీ చెప్పలేదు.


మే 19, సోమవారం

నీళ్లు మార్చాను. వాసన తగ్గింది. నా ముక్కు అలవాటు పడిందేమో కూడా.


మే 21, బుధవారం

పగలు మూత సగం జరిపి ఉంచుతాను; ఎండ గోలెంలో పడి పక్కనున్న వరండా కప్పు మీద అలలు వేస్తోంది. వాటి కింద సింధు, కుర్చీలో వెనక్కి వాలి, కడుపు మీద రెండు చేతులు. కప్పునే చూస్తుంది. ఇల్లు నీళ్ల అడుగున ఉన్నట్లూ, మేమిద్దరం అక్కడే కాపురం ఉంటున్నట్లూ...

కాసేపటికొకసారి చేప పైకి వస్తుంది. గుటుక్కుమని గాలి మింగి దిగిపోతుంది.

"నాయినమ్మా, అచ్చం నీ లెక్కనే చూస్తాంది. క్లాసుల ఎవలు మాట్లాడుతాండ్రో అని."

"తినేదానిలో పోలికలు వెతకొద్దు."

"పేరు వెడ్త. హెడ్మాస్టర్."

"పేరు అసలే వద్దు."

సాయంత్రం పద్మ బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "హెడ్మాస్టరుకు నీళ్లు మార్చిన్రా అత్తమ్మా?" అంది. ఈ ఇంట్లో నా మాటకున్న విలువ ఇంతే.


మే 22, గురువారం

మధ్యాహ్నం కూలరు ముందు కునుకు పట్టింది. కల.

మోరీలోంచి నీళ్లు వెనక్కి వస్తున్నాయి. మురుగు కాదు, తేట నీళ్లు. బండలు కనిపిస్తున్నాయి అడుగున. మోకాలి దాకా, బల్ల దాకా. మా బడి బెంచీలు తేలుతున్నాయి. వాటి మధ్య పరక చేపలు గుంపుగా ఇటు తిరుగుతాయి, గుంపుగా అటు తిరుగుతాయి. నేను నిలబడి హాజరు పిలుస్తున్నాను. పేరు పిలిస్తే ఒక బుడగ. ఇంకో పేరు, ఇంకో బుడగ. చివరి పేరు చదవడం రావడం లేదు. అక్షరాలు తడిసి ఉన్నాయి.

లేచేసరికి చీర కుచ్చెళ్లు తడిగా ఉన్నట్టనిపించి చేత్తో తడుముకున్నాను. పొడిగానే ఉన్నాయి.


మే 23, శుక్రవారం

కల వదలడం లేదు. ఆ తేటదనం ఎక్కడిదో పొద్దున గుర్తుకొచ్చింది. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో చెరువు నీళ్లే తాగేవాళ్లం. అమ్మ చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. చూస్తుండగానే మన్ను అడుక్కు దిగి, పైన నీళ్లు గాజులా నిలబడేవి. ఆ కుండ దగ్గర కూర్చుని ఎంతసేపు గడిపేదాన్నో. నాయిన తిట్టేవాడు — "నీళ్లను చూసుకుంట కూసుంటే చదువు ఎవడు చదువుతడు?"

చదివాను. బడిలో జీవశాస్త్రం చెప్పాను. నీళ్లను చూడటం మానలేదు.


మే 25, ఆదివారం

రోహిణి కార్తె పెట్టింది. నిన్న సాయంత్రం ఒక్కసారిగా గాలివాన. అరగంట. అంతే.

ఈ ఉదయం రఘు నడకకు పోయి సగంలో తిరిగొచ్చాడు. ఫోను నా ముందు పెట్టాడు. మల్లమ్మ చేపలు తెచ్చే చెరువు అంచున తెల్లగా... మొదట బతుకమ్మ నాటి గునుగు పువ్వులు అనుకున్నాను. ఈ కాలంలో గునుగు ఎక్కడిది? చేపలు. పొట్టలు పైకి. గట్టు పొడవునా.

"వానకు మోరీలన్నీ కొట్టుకొచ్చి చెరువుల వడ్డయంట అమ్మా. రవ్వలు, బొచ్చెలు అన్ని పోయినయి. కొర్రమీన్లు మాత్రం బతికినయంట."

మల్లమ్మ పొద్దెక్కి వచ్చింది. గంప ఖాళీ. గడపలో కూలబడింది.

"చచ్చినయి అమ్ముడు వెట్టినవా?" అని అడిగాను. అడిగి ఉండకూడదు.

"ఏమన్న మాటనా టీచరమ్మా అది? నా కడుపు మాడినా చచ్చిన చేపను గంపల వెయ్య. జర మంచినీళ్లియ్యి."

ఇచ్చాను. తాగి, లేచి గోలెం దగ్గరికి పోయింది. మూత కొంచెం జరిపి చూసింది. ఆమె ముఖం మీద కూడా ఆ అలల వెలుగు.

"ఇది మాత్రం సచ్చేది కాదు. చూసినవా? చెరువంత పోయినా దీని జాతి పోలే. అందుకే అంటరు, కొర్రమీను తిన్నోడు కొర్రమీనంత గట్టిగుంటడని."


మే 26, సోమవారం

మల్లమ్మ మాటే ఇన్నేళ్లూ నా మాట. సింధుకు జ్వరం వచ్చి తగ్గినప్పుడల్లా ముళ్లు తీసి, ముద్ద కలిపి, "బురదలో బతికే చేప, నీకు ఆ బలం వస్తుంది" అని తినిపించాను. పిల్ల నమ్మింది. నేనూ నమ్మాను.

ఈరోజు గోలెం పక్కన నిలబడి, బడిలో చెప్పినట్లు నాకు నేనే చెప్పుకున్నాను. మిగతా చేపలు నీళ్లలోని గాలి పీలుస్తాయి. నీళ్లు చెడితే గాలి అందక చస్తాయి. కొర్రమీను పైకి వచ్చి మన గాలి పీలుస్తుంది. కాబట్టి బతుకుతుంది. అది బతికిందంటే నీళ్లు మంచివని కాదు. దాని ఒళ్లు మంచిదనీ కాదు. ఊపిరి పైనుంచి తీసుకుంటుంది, తిండి మాత్రం కిందనే తింటుంది. పరకలను, కప్పలను, పురుగులను. అవి మింగినవన్నీ దీని కడుపులోకే. ఎన్నేళ్లు బతికితే అంత పోగవుతుంది.

అన్నిటికన్నా గట్టిదని ఏరి తెచ్చి కడుపుతో ఉన్న పిల్లకు పెట్టేది ఆ చేపనే.

ఉప్పు, పసుపు, బూడిద, మజ్జిగ — నేను చేపను కడిగే తీరు గల్లీలో అందరూ నేర్చుకున్నారు. కడిగితే నీచు పోతుంది. గోలెంలో ఉంచితే మట్టి వాసన పోతుంది. ఒంట్లోకి ఎక్కింది పోదు. ఈ ముక్క తెలియక కాదు. పాఠం బడిలో చెప్పి, వంటింట్లోకి వచ్చేటప్పుడు చెప్పులతో పాటు బయటే విడిచేదాన్ని.


మే 27, మంగళవారం

రఘును తీసుకుని చెరువుకు పోయాను. ఎండ ఎక్కకముందే.

చచ్చిన చేపలను ఎత్తేశారు. వాసన ఎత్తలేదు. నీళ్లు సగానికి పైగా తగ్గాయి. మిగిలిన దాని మీద గుర్రపుడెక్క పరుచుకుని, దానికి లేత ఊదా రంగు పూలు. ఇంత అందంగా ఉంటాయని ఎప్పుడూ చూడలేదు. ఒక్కో పువ్వు మీద నెమలికన్ను లాంటి మచ్చ. ఒక తెల్ల కొంగ ఆకుల మీద నడుస్తోంది, మునగకుండా, ఎక్కడో వేరే లోకంలో నడిచినట్లు. కాసేపు ఎందుకు వచ్చానో మరిచిపోయాను.

తరవాత గట్టు వెంట నడిచాం. ఒకచోట పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు. వెనక నల్లటి పాయ, సన్నగా, చప్పుడు లేకుండా చెరువులోకి పోతోంది. ఇంకా ముందుకు పోతే మా కాలనీ నాలా. నురగ. తెల్లగా, మెత్తగా, దూది కుప్పల్లా.

అక్కడ ఆగాను. మంచి వాసన వస్తోంది. ఈ కంపులో మంచి వాసన ఎక్కడిది అని ముక్కు ఎగబీల్చాను.

నా ఫినాయిలు.

రోజూ పొద్దున నేను దగ్గరుండి పోయిస్తాను. పద్మ తక్కువ పోస్తే మళ్లీ పోస్తాను. వారానికోసారి యాసిడ్. మా ఇంటి మోరీ గల్లీలో అన్నిటికన్నా శుభ్రమైనదని నాకు పేరు. నన్ను చూసే మిగతావాళ్లూ అదే సీసా కొంటారు.

రఘు ముఖం తిప్పుకున్నాడు. వాడికీ తెలిసింది ఆ వాసన. చిన్నప్పటి నుంచి వాడి ఇల్లు ఆ వాసనే.

"పోదామా అమ్మా?"


మే 29, గురువారం

సుజాతకు ఫోను చేశాను. నా దగ్గర చదివిన పిల్ల, ఇప్పుడు హసన్‌పర్తిలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతోంది.

"టీచర్, చూసి చెప్పేది కాదు. హైదరాబాద్ ల్యాబుకు పంపాలె. విషపు లోహాలు కొన్ని కండల ఉంటయి, కొన్ని ఎముకల, కాలేయంల. కొంచెం గిల్లి పంపితే కాదు, మొత్తం కావాలె."

"అంటే కోయాలి."

"కోయాలె. రిపోర్టుకు టైం పడ్తది. ఒక్క చేప ఒక్క చేప సంగతే చెప్తది టీచర్. చెరువు సంగతి తెలవాలంటే ఇంకొన్ని కావాలె."

"అంతదాకా?"

మెల్లగా అంది — "సింధుకు వద్దు టీచర్. మనకంటే ఏమో గని, కడుపుల ఉన్నదానికి కొంచెమే ఎక్కువైతది."

ఫోను పెట్టేశాక చూస్తే సింధు వాకిట్లో ఉంది. ఎంత విన్నదో.


మే 30, శుక్రవారం

మల్లమ్మకు చెప్పాను. రిపోర్టు వచ్చేదాకా నీ చేపలు తీసుకోను అని. మెత్తగా చెబుదామనుకున్నాను. నాకు మెత్తగా చెప్పడం రాదు.

"నేను పుట్టినప్పటిసంది తింటాన. నాకేమైంది? రాయి లెక్క లేనా?"

"నీకు కాకపోవచ్చు."

"నువ్వు బంద్ జేస్తే గల్లీ మొత్తం బంద్ జేస్తది టీచరమ్మా. నీకెరుకే."

"నేనెవరికీ చెప్పను."

"నువ్వు చెప్పాల్నా? నా గంప నీ గడపల దిగకపోతే సాలు, అందరికి సమజైతది." గంప నెత్తికి ఎత్తుకుంది. గేటు దాటి మళ్లీ తిరిగింది. "మీ మోరీ నీళ్లు మా చెరువుల వడ్తయి. మా చేపలు మీకు కంపు గొడ్తానయా?"




జూన్ 1, ఆదివారం

ఫినాయిలు పోయించలేదు. మోరీ మూలుగుతున్నట్లు కంపు. పద్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.


జూన్ 2, సోమవారం

ఎదురింటి శారద గోడ మీది నుంచి: "మీరు చేపలు తీసుకుంటలేరంట కదా టీచర్? మేము గూడ బంద్ జేసినం. ముందే మంచిదయింది."

నేను చెప్పకపోయినా గల్లీ నడుస్తుంది. మల్లమ్మ చెప్పినట్టే.


జూన్ 3, మంగళవారం

సింధు అన్నం ముట్టలేదు. పప్పు వాసన పడదు. కోడికూర వాసన పడదు. నోట్లో నిలిచేది ఒక్కటే, చింతచిగురు చేపల పులుసు. రఘు పెద్ద దుకాణం నుంచి సముద్రం చేప తెచ్చాడు. వండాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని లేచింది.

"ఐసు వాసనొస్తాంది నాయినమ్మా. గోలెంల ఉన్నదాన్ని వండు."

"వండను."

"చిన్నప్పుడు వద్దంటే నోట్లె కుక్కినవు. ఇప్పుడు కావాలంటే ఇయ్యవు. నీకు ఏది ఇష్టమైతే గదే రూలా?"

"ఇష్టం కాదు."

"మరేంది? భయమా?"

ఈ ఇంట్లో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకు. గుడ్డు ఉడికించి, మిరియాల పొడి చల్లి ముందు పెట్టాను. వెళ్లిపోలేదు, పక్కనే కూర్చున్నాను. మెల్లగా తిన్నది. తింటూ ఏడ్చింది. తరవాత నా చేయి తీసి కడుపు మీద పెట్టుకుంది.

లోపల ఏదో మెదిలింది. నీళ్లలో చేప తోక తిప్పినట్లు. గుటుక్కుమని.

భయమే.


జూన్ 4, బుధవారం

మళ్లీ మధ్యాహ్నపు కల. ఈసారి నేను గోలెంలో ఉన్నాను. పైన గుండ్రటి వెలుగు, అందులో సింధు ముఖం వంగి చూస్తోంది. ఏదో పేరు పెట్టి పిలుస్తోంది నన్ను. పైకి పోవాలని తెలుసు, గాలి అక్కడే ఉందని తెలుసు. కింద చల్లగా ఉంది. పోబుద్ధి కాలేదు.


జూన్ 5, గురువారం

మల్లమ్మ ఇటువైపు తొంగి చూసి వారమయింది. నేనే పోయాను.

రేకుల ఇల్లు. ముందు గదిలో ఫ్యాను కింద ఆమె కోడలు లావణ్య, ఒళ్లో పసిపిల్ల. పాలు తాగుతూ తాగుతూ నిద్రలోకి జారుతోంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. బిడ్డ బొటనవేలు మినపగింజంత.

లావణ్య పక్కన పళ్లెం. అన్నం, చేపల కూర. కుండలో ఇంకా.

"రా టీచరమ్మా. ఇంత దూరమొచ్చినవ్." మల్లమ్మ పీట వేసింది. కోపం పోలేదు, పీట మాత్రం వేసింది.

"లావణ్య ఏం తింటాంది?"

"ఏం తింటది? మీరు కొననియ్యి. అమ్ముడువోనియ్యి పారేస్తరా? పొద్దుమాపు గదే. పాలు వడ్తయి గూడ, బాలెంతకు మంచిది."

"రోజూనా?"

"గల్లీ బంద్ అయినప్పటిసంది రోజు." ఈసారి నా వైపు సూటిగా చూసింది. "అంతకుముందు మిగిలితేనే."

పసిపిల్ల నిద్రలో నవ్వింది. లావణ్య నన్ను చూసి సిగ్గుపడి కొంగు సర్దుకుంది. "బాగున్నరా అమ్మా?" అంది.

నా గడప దగ్గర వద్దన్న చేప ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు. చెరువులోకే తిరిగి పోతుందనుకున్నానా? వద్దన్నాక వస్తువు మాయమవుతుందని చిన్నపిల్లలు అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను, ఈ వయసులో. నా మనవరాలి పళ్లెంలోంచి తీసి ఈ పిల్ల పళ్లెంలో పెట్టాను. ఇంతే నేను చేసింది.

చెప్పాలని నోరు తెరిచాను. ఏమని చెప్పను? తినకు, మాకు కూడా అమ్మకు, మరి ఏం తింటారో నాకు తెలియదు అనా?

పీట మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.


జూన్ 6, శుక్రవారం

మబ్బు. చెట్లు కదలడం లేదు. చేప మాటిమాటికీ పైకి వస్తోంది. దానికి వాన వాసన తెలిసినట్లుంది.


జూన్ 7, శనివారం

మల్లమ్మ గేటు లోపలికి వచ్చింది. గంపతో.

"రేపు మిరుగం. నువ్వు తినవాయె. నా చేప నాకియ్యి టీచరమ్మా. రేపటి బజార్ల కొర్రమీను కోసం కొట్లాడుకుంటరు."

"ఇవ్వను."

"తినవు, ఇయ్యవు. అండ్లనే పెట్టుకొని పూజ జేస్తవా?"

"ఎవరింట్లో ఉడుకుతుంది మల్లమ్మా అది? తీసుకునేవాళ్లింట్లో కడుపుతో ఉన్న పిల్ల లేదని నీకు తెలుసా? అమ్ముడుపోకపోతే లావణ్యకే కదా పెడతావు?"

ఆమె గంప దింపింది. వరండా మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే మెట్టు మీద కూర్చోవడం ఇదే మొదలేమో. నీటి వెలుగు మా ఇద్దరి కాళ్ల మీద.

"ఏముంటదే టీచరమ్మా అండ్ల? నిజం చెప్పు. ఇసమా?"

"తెలియదు."

"గంత సదువుకొని తెల్వదంటవ్."

"కోసి పంపితే తెలుస్తుంది."

చాలాసేపు గోలెం వైపే చూసింది. లేచినప్పుడు గొంతు మారింది. "అయితే కొయ్యి. పంపు. ఖరాబున్నదని రాసిస్తే చెరువుగట్టు మీద నిలబడి నేనే మొత్తుకుంట — ఆ షెడ్డోణ్ణి, మీ మోరీలను, మిమ్ములను గూడ ఇడువ. మంచిగున్నదని రాసిస్తే మాత్రం గల్లీల ఇంటింటికి నువ్వే తిరగాలె. మల్లమ్మ చేపలు మంచియే, నాదే తప్పని చెప్పాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటాను."

"నీ మనుమరాలి మీద ఒట్టు?"

ఒట్లు వేయడం ఈ ఇంట్లో నిషిద్ధం. నేనే పెట్టిన రూలు.

"ఒట్టు."

ఖాళీ గంపతో పోయింది. సింధు తలుపు చాటున నిలబడి అంతా విన్నది. "హెడ్మాస్టర్ను కోస్తవా నాయినమ్మా?" అంది. తినడానికి అడిగిన పిల్లే, ఇప్పుడు కళ్ల నిండా నీళ్లు.

"పేరు పెట్టొద్దని అప్పుడే చెప్పాను."

సుజాతకు ఫోను చేశాను. ఎల్లుండి వస్తానంది.


జూన్ 8, ఆదివారం, మృగశిర

పొద్దున ఇంగువ, బెల్లం చిన్న ఉండలు చేసి అందరికీ ఇచ్చాను. చేపలు తినే ఇల్లు ఇది, తినని ఇళ్ల పద్ధతి పట్టింది ఇవాళ. రఘు నవ్వుతూ మింగాడు. పద్మ కళ్లు మూసుకుని మింగింది. సింధు చప్పరించి, ముఖం చిట్లించి, "దీనికన్న ఐసు చేపే నయం" అంది. నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులయింది.

చింతచిగురుతో పప్పు చేశాను. సింధు మారు వడ్డించుకుంది.

మధ్యాహ్నం ఒక డబ్బాలో పప్పు, ఉడికించిన గుడ్లు పెట్టి లావణ్యకు పంపాను. డబ్బా తిరిగి వచ్చింది, రఘు చేతనే, కడిగి. లోపల నాలుగు మల్లెలు. గుడ్లు తిన్నదో, మల్లమ్మ తిననిచ్చిందో తెలియదు.

నాలుగింటికి చీకటి కమ్మింది. ఇప్పుడు వాన. మొదటి వాన, నిజమైన వాన. వాకిలి, గోడ, మోరీ, గల్లీ... అన్నీ ఒకే నీళ్లయ్యాయి. ఎక్కడ మా ఇల్లు అయిపోతుందో ఎక్కడ చెరువు మొదలవుతుందో కనిపించడం లేదు. నీళ్లు ముట్టకుండానే చేతులు తడిసినట్లుంది. సింధు లోపల నిద్రపోతోంది. వరండాలో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

జరగవలసినవి:

1. రేపు ఉదయం సుజాత ఐసు డబ్బాతో వచ్చేసరికి చేప సిద్ధంగా ఉండాలి. నేనే కోయాలి. సింధు లేవకముందు.

2. ఒక్క చేపతో తేలదు. చెరువు నుంచి ఇంకొన్ని — చిన్నవి, పెద్దవి. మల్లమ్మ పట్టించి ఇవ్వాలి. అడగాలి.

3. రిపోర్టు వచ్చేదాకా లావణ్య పళ్లెంలో చెరువు చేప పడకూడదు. డబ్బా రోజూ పోవాలి. మల్లమ్మ దాన్ని దానం అనుకుంటే ఒప్పుకోదు. ఏమని చెప్పి పంపాలో రేపటికల్లా ఆలోచించాలి.

4. ఫినాయిలు, యాసిడ్ సీసాలు మళ్లీ ఇంట్లోకి రావు. శారదకూ చెప్పాలి, ఎందుకు మానేశానో కూడా. వింటే వింటుంది.

5. గల్లీ వాళ్లను కూర్చోబెట్టాలి. మన నాలా ఎక్కడ పడుతుందో అందరినీ గట్టు దాకా నడిపించి చూపించాలి. ఆ షెడ్డు గురించి అర్జీ. మొదటి సంతకం నాది కాదు, మల్లమ్మ వేలిముద్ర.

6. రిపోర్టు మంచిదని వస్తే ఇంటింటికీ తిరగాలి. ఒట్టు ఒట్టే. కానీ అప్పుడైనా సింధుకు పెడతానా? పెట్టకుండా గల్లీకి ఏ ముఖంతో చెబుతాను? దీనికి జవాబు ఇంకా లేదు.

7. గోలెం మీద మూత పెట్టాలి. మధ్యాహ్నం నీళ్లు మార్చినప్పుడు తీశాను, మళ్లీ పెట్టలేదు. వాన అంచు దాకా నింపింది, పొర్లుతోంది. మొదటి వానకు కొర్రమీను గట్టెక్కి తడి నేల మీద పాకుతుంది, నీళ్ల దారి పట్టుకుని ఎంత దూరమైనా పోతుంది. ఇది నేను పిల్లలకు చెప్పిన పాఠమే. ఇక్కడి నుంచి నీళ్ల దారి మోరీ, మోరీ నుంచి నాలా, నాలా నుంచి చెరువు. అది పోతే ఏమీ తెలియదు. ఎవరికీ, ఎన్నటికీ. ఇప్పుడే ఒక తల అంచు మీద ఆనింది. మూత నా చేతికి అందేంత దూరంలో ఉంది. లేవాలి.